ఈస్టుకి గిట్టని వాసన

సామిల్లు గేటు దాటి లోపలికొచ్చిన కుర్రాడు ఎవరినీ పలకరించకుండా నేరుగా రంపపు పొట్టు సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

సంచులు తూకం వేయిస్తున్న ఓనరుగారమ్మాయి కాసేపు అతన్నే చూసింది.

"పొట్టుని వాసన చూసి కొనేవాళ్ళని చూడ్డం ఇదే మొదటిసారి," అంది.

"తడిస్తే బూజు వాసనొస్తుందండీ. అది మావాళ్ళకి పడదు."

"దీన్ని మీవాళ్ళు తింటారా?"

"తినేది వాళ్ళేనండీ."

"ఎంతమందేంటి మీ ఇంట్లో?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఒక్క చుక్కలో అయితే లక్షల్లో ఉంటారు."

వాళ్ళు ఈస్టు అని, అంటే పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులని, తర్వాత తెలిసింది. ఊరి చివర కొత్తగా పెట్టిన యూనిట్‌లో అతను ఇంజినీరు. పొట్టుని ఆవిరిలో ఉడికించి, ఎంజైములు కలిపి, చక్కెర చేస్తారట. ఆ చక్కెర తిని ఈస్టు ఇథనాల్ చేసిపెడుతుందట. దాన్ని పెట్రోల్లో కలుపుకోవచ్చట. ఇదంతా అతను నవ్వకుండా చెప్పాడు, ఆమె నవ్వకుండా వింది. సగం సంచులు తడిగా ఉన్నాయని వెనక్కి తోసేసినందుకు మాత్రం అతనికి పొట్టు సారు అని పేరు పెట్టింది.

అప్పట్నించి లోడు వెళ్ళాల్సిన ప్రతిసారీ పొట్టు సారు స్వయంగా వచ్చేవాడు. ట్రాలీ డ్రైవరుకి దారి బాగా తెలుసు. అయినా వచ్చేవాడు. వచ్చి, ఆమెకేసి ఒకసారి, పొట్టుకేసి చాలాసార్లు చూసి వెళ్ళేవాడు. తనని ఒకసారే ఎందుకు చూస్తాడన్నది ఆమెకి చిరాకు.

"మీ యూనిట్ ఎలా ఉంటుంది సార్?" అని అడిగింది ఒకరోజు.

"కంపు కొడుతుందండీ."

నిజమే చెప్పాడు. బిల్లు పని మీద వెళ్ళినప్పుడు చూసింది. పులిసిన పిండీ, తడి అట్టపెట్టెలూ, ఇంకేదో ఘాటూ కలిసి గేటు దగ్గరే ఎదురొచ్చాయి. ఆ కంపు మధ్య అతను ట్యాంకుకి చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల బుడగలు లేచే చప్పుడు వింటున్నాడట. చొక్కా తడిసి వీపుకంటుకుపోయింది. ఆమె బిల్లు సంగతే మర్చిపోయి తిరిగొచ్చింది.

మిల్లులో అప్పుడే బీరువాల కోసం దేవదారు కోస్తున్నారు. ఆ చెక్క కోస్తుంటే పక్క వీధి దాకా వాసన. ఆమె ఆ పొట్టుని విడిగా ఎత్తించింది, జల్లెడ పట్టింది, కొత్త సంచుల్లో నింపింది. ఎప్పుడూ పంపే, పెట్టెలకి వాడే తెల్ల చెక్క పొట్టుకి బదులు అదే పంపింది. రోజంతా ఆ కంపులో ఉండే మనిషికి సంచి మూతి విప్పినప్పుడైనా ఒక మంచి వాసన తగలాలని. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి చెప్పి చేస్తే ఏం బాగుంటుంది?

తర్వాత పొట్టు సారు రెండు వారాలు కనబడలేదు.

వచ్చిన రోజు వాన. గొడుగు లేదు. సంచి జోలికి వెళ్ళకుండా తిన్నగా ఓనరుగారి బల్ల ముందు నిలబడ్డాడు.

"రెండు ట్యాంకులు చచ్చిపోయాయండీ," అన్నాడు. "ఈస్టు మొత్తం పోయింది. వేడి చూశాను, ఆమ్లం చూశాను, ఎంజైములు మార్చాను. మీ పొట్టులో ఏమైనా మారిందా?"

ఆమె నాన్నకి కోపమొచ్చింది. "మారడానికి ఇదేమన్నా వాతావరణమా బాబూ? అదే చెక్క, అదే రంపం. నీ వంట కుదరకపోతే మా సరుకుమీద పడతావేం?"

"మీ మీద పడట్లేదండీ. తప్పు నాదే అయ్యుంటుంది. మూడోది కూడా పోతే యూనిట్‌కి తాళం వేస్తామన్నారు మావాళ్ళు."

"ఏ మావాళ్ళు?" అంది ఆమె.

"ఈసారి మనుషులేనండీ. కొత్త ఈస్టు తయారుగా ఉంది. పొట్టు ఇవాళే ఉడకబెట్టాలి. ఎందుకు పోయిందో తెలీకుండా వేస్తే ఇదీ పోతుంది. మా నాన్న ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు, మావాడు చెత్తలోంచి పెట్రోలు తీస్తాడని." అతను తలదించుకున్నాడు. "సరే, వస్తానండీ."

దేవదారు బీరువాలో బట్టలకి పురుగు పట్టదని వచ్చిన ప్రతి బేరానికీ చెప్పేది ఆమే. పురుగుకి పడని చెక్క ఈస్టుకి మాత్రం ఎలా పడుతుంది? చెప్పకపోతే అతని ఉద్యోగం పోతుంది. చెబితే, ఎందుకు చేశావని నాన్న అడుగుతాడు. ఆ ఎందుకుకి ఉన్నది ఒక్కటే జవాబు.

"నేనే మార్చాను నాన్నా," అంది.

రంపం కోత ఆగింది. ఆగాల్సిన పని లేదు, పనివాళ్ళే ఆపారు.

"దేవదారు పొట్టు పంపాను. అంతా అదే."

"బీరువాల పొట్టా? ఎందుకమ్మా?"

"ఆయన పొద్దస్తమానం ఆ కంపులో ఉంటారు. కాస్త మంచి వాసన తగులుతుందని."

పొట్టు సారు నోరు తెరిచాడు. "దేవదారు," అన్నాడు. "నాకు అప్పుడు జలుబండీ, వాసనే తెలీలేదు. నూనె ఉంటుంది కదా అందులో. అదే చంపేసింది." మొహం వెలిగిపోయింది. "చాలా థాంక్సండీ. తెల్ల చెక్కది పొడిగా ఉందా?"

ఉందన్నారు. పరదా కప్పి ట్రాలీకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

వానలోకి చూస్తూ నాన్న అన్నాడు, "తల్లీ, నువ్వు చెప్పింది వీడికి సగమే ఎక్కింది."

ఆమె నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఐదో రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ రోజు లోడు లేదు.

"ట్యాంకు బతికింది. ఇథనాల్ దిగుతోంది. తాళం వెయ్యట్లేదు."

"సంతోషం సార్," అంది ఆమె, సంచులు లెక్కపెడుతూ.

"ఆ రోజు మీరు చెప్పింది నాకు అర్థమైందండీ."

"ఎప్పుడు?"

"గేటు దాటగానే."

లెక్క తప్పింది. "మరి వెనక్కి రాలేదే?"

"ఈస్టు ఆగదు కదండీ. మీరు ఆగుతారనిపించింది."

"ఆగానని మీకెవరు చెప్పారు?"

అతను అలాగే నిలబడ్డాడు. వెళ్ళిపోకుండా నిలబడటం కూడా ఒక సమాధానమే అనుకుని ఆమె కాస్త మెత్తబడింది.

"అమ్మకి ఫోన్ చేసి మీ అమ్మాయి సంగతి చెప్పాను," అన్నాడు ఈసారి నాన్న వైపు తిరిగి. "అమ్మాయి ఎలాంటిదిరా అంది. నా ట్యాంకులు రెండు చంపిందని చెప్పాను."

నాన్న కళ్ళజోడు తీశాడు. "బాగా చెప్పావు బాబూ. ఏమంది మరి?"

"చంపింది తనేనని ఎలా తెలిసిందిరా అంది. అందరి ముందూ తనే చెప్పిందన్నాను. నన్ను కాపాడటానికి." చొక్కా సర్దుకున్నాడు. "అయితే ఇంకా అక్కడేం చేస్తున్నావు, వెళ్ళి అడుగు అంది."

"అడిగావా?"

"అడుగుతున్నానండీ," అని ఆమెకేసి చూశాడు. ఒకసారే చూశాడు గానీ, ఈసారి చూపు తిప్పుకోలేదు.

ఆమె నాన్నకేసి తిరిగింది. "ఆదివారం లోడుందా నాన్నా?"

"ఉంది," అన్నాడు నాన్న. కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అతన్ని ఎగాదిగా చూశాడు. "సోమవారానికి మారుద్దాంలే. ఆదివారం వాళ్ళ అమ్మానాన్నల్ని రమ్మను."