ఆరిపోవలసిన బల్బు

"ఆ యాంటెన్నా తీగ పట్టుకుని పిడుగు ఇంట్లోకి వస్తే మన గతేంట్రా?" అన్నాను. ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు.

"వచ్చే ముందు నీకు చెప్పే వస్తుందిలేమ్మా," అన్నాడు మా అబ్బాయి. బస్సుల షెడ్డులో రోజంతా ఇంజన్లు విప్పి వచ్చాడు. కళ్లు మూతలు పడుతున్నా, ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడే హ్యామ్ రేడియో సెట్టు ముందే కూలబడ్డాడు.

ఏడాది కిందట ఈ సెట్టులోనే ఒకమ్మాయి, "మీ గొంతు రేకు డబ్బాలోంచి వస్తోంది, ముందు సరిచేసుకోండి" అని వీణ్ణి దులిపేసింది. దూరపు ఊళ్లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆ తిట్టుతోనే స్నేహం మొదలైంది. పోయిన వారం వీడు పెళ్లి మాటెత్తితే, "ఆదివారం పిలవండి, ఇందులోనే చెప్తాను" అందట.

శనివారం గాలికి యాంటెన్నా తెగింది. కొత్తది కట్టి, పిలుపు సరిగ్గా బయటికి పోతోందో లేదో చూసుకోవడానికి, దానికి పోయే తీగకు కిటికీ దగ్గర రెండు చిన్న బల్బులు అతికించాడు. నాలుగు రోజులుగా పిలుస్తున్నాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఫోన్ చెయ్యరాదూ?"

"ఇష్టం లేక ఊరుకున్న మనిషిని పీడించమంటావా?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

వాడు మీట నొక్కి నాబు తిప్పాడు. "బల్బులెలా ఉన్నాయమ్మా?" వాడి కుర్చీలోంచి అవి కనపడవు. చూసి చెప్పే పని నాది.

"పైది ఆరిపోతోందిరా. ఇంకా తిప్పు. ఆఁ, రెండూ వెలిగాయి. బాగుంది."

వాడి చెయ్యి ఆగిపోయింది. "రోజూ నువ్వు బాగుందన్నది ఇదా?"

"ఒకటి ఆరిపోతే బాగున్నట్టా మరి?"

"అది ఆరితేనే పవరంతా బయటికి పోయినట్టమ్మా. రెండూ వెలిగితే చాలావరకు మనింటికే తిరిగొస్తుంది."

"నీ పెళ్లి నేనే చెడగొట్టానా?"

"నీకు చెప్పనిది నేనేగా. అలసటలో తోచలేదు."

నాబు వెనక్కి తిప్పాడు. పై బల్బు ఆరింది. రెండుసార్లు పిలిచాడు. చిటపటలే. మూడోసారికి సన్నటి గొంతు వినిపించింది.

"అడిగేసి పారిపోయారనుకున్నాను."

నేనే మైకు లాక్కున్నాను.

"తప్పు నాదమ్మా, వీళ్లమ్మని. వద్దనుకుంటే వద్దనే చెప్పు. కనీసం నిద్రైనా పోతాడు."

"మీట వదులమ్మా, వదిలితేనే తన మాట వినిపిస్తుంది," అన్నాడు వాడు నీరసంగా.

వదిలాను. వాడు తల వంచుకున్నాడు.

"వద్దనడానికైతే నాలుగు రోజులు డ్యూటీ మార్చుకుని మరీ కూర్చుంటానా, అత్తయ్యా?"