గోటి గింజలు

"విరిగింది!" అంది శకుంతల.

హైమ విననట్టు తల తిప్పుకుంది. గింజ నిజంగానే విరిగింది. రెండు ముక్కలూ ఆమె వేలికి అంటుకుని ఉన్నాయి.

"నూకలు ఆ పళ్ళెంలో వెయ్యి. దేవుడికి పనికిరావు."

"నాకు తెలుసులే!"

తెలుసు గానీ చేతకావడం లేదు. భద్రాచలంలో సీతారాముల పెళ్ళికి పంపే తలంబ్రాల బియ్యం అది. రోట్లో దంచకూడదు. మిల్లుకు వేయకూడదు. ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలవాలి. లోపలి గింజ విరగకూడదు. హైమకేమో గోళ్ళు కొరికే అలవాటు. ఒలవడానికి గోరంటూ ఉంటే కదా!

శకుంతల గోళ్ళు మాత్రం చకచకా కదులుతున్నాయి. టిక్, టిక్, టిక్. పొట్టు ఒక పక్కకి, గింజ గిన్నెలోకి. ఆమె గిన్నె అడుగు ఎప్పుడో కనపడకుండా పోయింది.

వసారాలో ఐదుగురు కూర్చున్నారు. పెద్దమ్మ, అమ్మ, పిల్లలిద్దరూ, తండా నుంచి పొలం పనికి వచ్చే పూలి. మధ్యలో పెద్ద ఇత్తడి గిన్నె. అందులో ఉన్నవి నాయనమ్మ భారతమ్మ ఒలిచిన గింజలు.

నాయనమ్మ పోయిన ఏడు మాఘంలో చనిపోయింది. ఏడాది మైల అని ఆ గింజలు భద్రాచలం వెళ్ళలేదు. ఇప్పుడు సంవత్సరీకం అయిపోయింది. గిన్నె నిండాలంటే ఇంకో గ్లాసెడు గింజలు కావాలి. రేపు పదకొండు గంటలకు బస్సు.

పెదనాన్న వెంకటప్పయ్య పొద్దున్నే ఒక మాట అన్నాడు.

"పిల్లలిద్దర్లో సాయంత్రానికి ఎవరు ఎక్కువ ఒలిస్తే వాళ్ళే మూట ఒళ్ళో పెట్టుకుని రావాలె. గుళ్ళో అయ్యగారి చేతికి వాళ్ళే ఇయ్యాలె. మా అమ్మ నలభై ఏళ్ళు ఇచ్చింది. ఇక మీ వంతు."

ఆ మూట హైమకు కావాలి. ఎలాగైనా కావాలి.

హైమ వాళ్ళు ఉండేది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో. నాన్న ఉద్యోగం అక్కడే. పెనుబల్లికి వచ్చేది సెలవులప్పుడే. పెదనాన్న కూతురు శకుంతల అలా కాదు. పుట్టినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే, నాయనమ్మ పక్కలోనే.

అందుకే కాబోలు, నాయనమ్మ గురించి ఎవరు ఏం చెప్పినా మధ్యలో శకుంతల వచ్చేస్తోంది.

"మా అత్తమ్మ కృష్ణా జిల్లా నుంచి బండి మీద వచ్చిందంట," అంది పెద్దమ్మ. "అప్పుడు ఇక్కడ పొలం ఎక్కడిది? అంతా అడవే. కంపలు కొట్టి, మోళ్ళు పీకి చెలక చేసిండ్రు. ఆ కథ మా శకుంతలకు ఎన్నిసార్లు చెప్పిందో!"

"నన్నూ, ముసలమ్మనూ పక్కపక్కన నిలబెడితే ఆసామి ఎవరో, కూలి ఎవరో తెల్వకపోయేది," అంది పూలి. "మిరపకాయలు నాతోటి సమానంగ ఏరేది. నడుం నొస్తలేదా అమ్మా అంటే, మాట్లాడితే నోరు నొస్తది పూలీ, పని జూడు అనేది. ఈ శకుంతల సంకలనే ఉండేది, కోతిపిల్ల లెక్క!"

అందరూ నవ్వారు. శకుంతల కూడా నవ్వింది. హైమకు మాత్రం పచ్చిమిరపకాయ కొరికినట్టయింది.

"నన్ను కూడా ఎత్తుకుందా నాయనమ్మ?" అని అడుగుదామనుకుంది. అడగలేదు. ఎత్తుకోలేదంటే?

"నీళ్ళు తాగొస్తా," అని లేచింది. గిన్నె కూడా పట్టుకుపోయింది. వెళ్తూ వెళ్తూ ఎవరూ చూడకుండా గౌను జేబులో రెండు గుప్పిళ్ళ వడ్లు పోసుకుంది.

గడ్డివాము వెనక ఎవరూ లేరు. ఒక కోడి మాత్రం ఉంది.

హైమ ఒక గింజ తీసి ముందరి పళ్ళ మధ్య పెట్టింది. మెల్లగా నొక్కింది.

టక్!

పొట్టు రెండుగా విడిపోయింది. గింజ చెక్కుచెదరలేదు.

హైమ కళ్ళు మెరిశాయి. ఇంకోటి. టక్. ఇంకోటి. టక్. ఒక్కో గింజనూ గౌను అంచుకు తుడిచి గిన్నెలో వేసింది. తడి లేదు, మచ్చ లేదు. ఎవరు కనిపెడతారు?

పంటి కింద పెడితే ఎంగిలి. ఎంగిలిది దేవుడికి పెట్టరు. అది ఒకటో క్లాసు పిల్లకు కూడా తెలుసు. హైమ ఇప్పుడు ఐదో క్లాసు.

ఆ ఆలోచన రాగానే హైమ ఇంకా తొందరగా నొక్కింది. ఆగితే ఆలోచన పెద్దదవుతుందని భయం.

పొట్టు కోసం కోడి దగ్గరికి వచ్చింది. "పో!" అని తోలింది. అప్పుడే గడ్డివాము పక్కన ఎవరో నడిచినట్టు చప్పుడైంది. గబుక్కున తొంగి చూసింది. ఎవరూ లేరు.

ఎండ తగ్గేసరికి హైమ గిన్నె శకుంతల గిన్నెను దాటిపోయింది.

"అబ్బో!" అన్నాడు పెదనాన్న. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "టౌను పిల్లకు ఏం చేతనైతదిలే అనుకున్న! చూడరా రామారావూ, నీ బిడ్డ అచ్చం మన అమ్మే!"

నాన్న మురిసిపోయాడు. అచ్చం అమ్మే! ఆ మాట కోసమే కదా పొద్దున్నుంచీ ఎదురుచూసింది. హైమ ఓరగా శకుంతల వంక చూసింది. శకుంతల తల వంచుకుని వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటోంది. గోరు చీలి రక్తం వచ్చింది.

"ఇగ పొయ్యండి," అన్నాడు పెదనాన్న.

ముందు అమ్మ తన గింజలు ఇత్తడి గిన్నెలో పోసింది. తర్వాత పెద్దమ్మ. తర్వాత పూలి. తర్వాత శకుంతల.

పూలి హైమ వంక చూసి బోసినోటితో నవ్వింది. "నీకెందుకు రాదు బిడ్డా? నీకు పుట్టకముందే నేర్పింది గద ముసలమ్మ."

"పుట్టకముందా?"

"అవ్. నువ్వు ఖమ్మం దవాఖానాల పుట్టినవ్. మీ అమ్మకు మూడు దినాలు నొప్పులు. సద్ది పట్టుకొని నేనే పోయిన ముసలమ్మ కాడికి. వరండాల కూసొని ఒకటే ఒలుసుడు. గింజ గింజకు రామా అనుడు. తిండి లేదు, నిద్ర లేదు. నర్సమ్మ వచ్చి కోపం జేసింది, ఇది దవాఖానానా, రైస్ మిల్లా అని!"

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "పొట్టంతా ఏరించింది ఆ నర్సు. అత్తయ్య ఏరి చెంగులో మూట కట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది."

"నువ్వు కేర్ మన్నంక ఆపింది," అంది పూలి. "నిన్ను ఎత్తుకుందామంటే వేళ్ళు వంగలే. గట్ల బిగుసుకపోయినయి. మోచేతుల మీద ఎత్తుకున్నది నిన్ను."

హైమ తన వేళ్ళ వంక చూసుకుంది.

ఆ కథలో శకుంతల లేదు. అందులో ఉన్నది తను ఒక్కతే. పొద్దున్నుంచీ కావాలనుకున్నది ఇప్పుడు దొరికింది. సంతోషం రావాలి. రాలేదు. నోట్లో ఇంకా వడ్ల పొట్టు గుచ్చుకుంటున్నట్టే ఉంది.

"తే," అని పెద్దమ్మ ఆమె చేతిలో గిన్నె తీసుకుంది. ఇత్తడి గిన్నె మీద వంచింది.

"పొయ్యొద్దు!"

హైమ రెండు చేతులూ ఇత్తడి గిన్నె మీద కప్పేసింది. నాలుగు గింజలు ఆమె చేతి మీద పడి నేల మీదకి జారాయి.

"ఏందే? ఏమైంది?"

"నావి... అవి ఎంగిలివి." హైమ తల వంచుకుంది. "పళ్ళతో ఒలిచిన."

నాన్న మొహం ఎర్రబడింది. పెద్దమ్మ హైమ గిన్నెను మెల్లగా, వేడి గిన్నెను దించినట్టు, దూరంగా పెట్టింది.

"ఎందుకు చేసినవ్?" అన్నాడు నాన్న.

హైమ ఏడుపు ఆపుకోలేకపోయింది. "అందరూ శకుంతల, శకుంతల అంటున్నరు. నాయనమ్మ నాక్కూడా నాయనమ్మే కదా!"

పెదనాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇత్తడి గిన్నె వైపు చూశాడు.

"మా అమ్మ గిన్నెల పడలేదు గద. అది చాలు," అన్నాడు. "కానీ మూట శకుంతల పడతది."

హైమ తల ఊపింది.

పెరట్లో మొహం కడుక్కుంటుంటే శకుంతల వచ్చి పక్కన నిలబడింది.

"నేను చూసిన," అంది. "గడ్డివాము కాడ."

హైమ ఉలిక్కిపడింది. "మరి చెప్పలేదేం?"

"చెప్దామనే వచ్చిన. గిన్నె వంచేటప్పుడు చెప్పాలనుకున్న, అందరి ముందట." శకుంతల చెంబుతో నీళ్ళు అటూ ఇటూ ఆడించింది. "నీ ఉత్తరాలు వస్తే నాయనమ్మ నాతోనే చదివించేది. ఒక్కటే ఉత్తరం నాలుగుసార్లు. మా హైమ రాత చూడు, నీ కోడిగీతలు చూడు అనేది. నాకు ఒళ్ళు మండేది."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు శకుంతలకు నవ్వొచ్చింది.

"గోరుతో చీల్చుడు కాదు," అంది. "మొదలు గింజ ముక్కు గిల్లాలె. తర్వాత రెండు వేళ్ళ మధ్య నలపాలె. దా, చూపిస్త."

మర్నాడు పొద్దున్నే హైమ వసారాలో కూర్చుంది. ముక్కు గిల్లడం, నలపడం. విరిగినవి పళ్ళెంలోకి. వేళ్ళు ఎర్రగా కందాయి. శకుంతల, పెద్దమ్మ, పూలి పక్కన కూర్చుని తగ్గిన గింజలన్నీ ఒలిచేశారు. బస్సు వేళకు హైమవి పిడికెడు కూడా కాలేదు. పెద్దమ్మ వాటిని ఒక్కొక్కటీ పరీక్షగా చూసి గిన్నెలో పోసింది.

బస్సు కిక్కిరిసి ఉంది. కొత్తగూడెంలో ఇంకా మంది ఎక్కారు. అందరూ కల్యాణానికి పోయేవాళ్ళే. శకుంతల ఒళ్ళో పసుపు గుడ్డ మూట.

కండక్టర్ ఆగి చూశాడు. "ఏంది బిడ్డా, తలంబ్రాలా? ఎవరు ఒలిచిండ్రు గివన్నీ?"

"మేమే," అంది శకుంతల.

"మా నాయనమ్మ," అంది హైమ. "ఆమె ఒలవగా మిగిలినవి మావాళ్ళు ఒలిచారు. శకుంతలవే ఎక్కువ. నావి పైన కొంచెం ఉన్నాయి, అంతే."

కండక్టర్ నవ్వి టికెట్లు కొడుతూ వెనక్కి పోయాడు. జనం ముందుకు తోసుకొచ్చారు. ఎవరిదో సంచి మూట మీదకి వంగింది.

హైమ కిటికీ పక్క సీటులోంచి లేచింది. "నువ్వు ఇటు జరుగు," అని శకుంతలను కిటికీ వైపు కూర్చోబెట్టింది. తను ఇవతలి అంచున కూర్చుని, ఒక చెయ్యి ముందు సీటు కడ్డీకి అడ్డంగా పెట్టింది. ఎవరు తోసినా ఆ చెయ్యికే తగలాలి. మూటకు తగలకూడదు.

గోదావరి వంతెన వచ్చింది. అందరూ కిటికీల వైపు ఎగబడి దండం పెట్టారు. హైమ మనసులోనే పెట్టుకుంది. చెయ్యి తియ్యలేదు.