దేవుడమ్మ వెయ్యని చేద

దేవుడమ్మకి అన్యాయం జరిగింది పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో. మలేషియాలోని సుంగై సిపుట్‌కి ఎగువన, కొండవాలులో, అప్పట్లో ఓ రబ్బరు తోట ఉండేది. ఆ తోటలో పాలు గీసే పైడయ్య పెళ్లాం ఆవిడ. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున తలంటు పోసుకుని, మొహానికి పసుపు రాసుకుని, చంటిదాన్ని చేటలో పెట్టుకుని కూలీల లైను ఇళ్ల నూతి దగ్గరికి వెళ్లింది. పురుడు తీరిన ఆడది నూతికి బొట్టు పెట్టి, చేద వేసి, తన చేత్తో నీళ్లు తోడితే గానీ ఇంట్లో నీళ్లకుండ ముట్టకూడదు. మనవాళ్లు ఓడెక్కి వచ్చినప్పుడు ఎన్నో వదిలేశారు గానీ దీన్ని వదల్లేదు.

నూతికి తాళం ఉంది.

తోట అమ్ముడుపోయింది, లైన్లు ఖాళీ చెయ్యమని పైనుంచి మాట. మనుషులు కదలాలంటే ముందు నీళ్లు ఆపాలి కదా. తాళం వెయ్యమన్నవాడు మేనేజరు. వేసినవాడు కిరాణి కాంతయ్య — ఆఫీసులో హాజరు రాసేవాడు, మన తెలుగువాడే. "ఆఫీసులో అడుగు" అన్నాడట. ఆఫీసులో అడిగితే "కిరాణిని అడుగు" అన్నారట. చేద పట్టుకుని పొద్దు గూకేదాకా నిలబడింది దేవుడమ్మ.

నెల తిరక్కుండా తల్లీ పిల్లా ఇద్దరూ పోయారు. జ్వరం అని రాసుకున్నారు. తాళాన్ని జ్వరమని రాయడం ఆఫీసులకి బాగా వచ్చు.

అప్పట్నుంచి ఆ నూతికి చెడ్డపేరు. రాత్రిపూట చేద పడ్డ చప్పుడు... తెల్లారి చూస్తే గట్టు మీద పసుపు మరకలు. బాలింతగా పోయిన ఆడది పొంతియానాక్ అవుతుందని మలాయివాళ్లు నమ్ముతారు. ఆ కొండమీద కాపలాకి కుదిరిన ముగ్గురు మలాయి కుర్రాళ్లు జీతం కూడా అడక్కుండా పారిపోయారని చెప్పుకుంటారు.

ఆ కొండమీద ఇప్పుడు రబ్బరు లేదు. యూరప్ ఉంది.

నిజంగానే. పన్నెండేళ్ల కిందట ఓ కంపెనీ కొండని చదును చేసి, అక్కడో పాత యూరప్ నగరం కట్టింది. పేరు బండార్ యూరోపా. గులకరాళ్లు పరిచిన వీధి, గడియారం గోపురం, కింద నీళ్లు లేని రాతి వంతెన, లోపల దేవుడు లేని చర్చి. కిటికీలుంటాయి, వాటి వెనక గదులుండవు. తలుపులుంటాయి, అవి గోడమీద రంగులు. టికెట్టు కొనుక్కుని, కాళ్లీడ్చుకుంటూ నడిచి, ఐదువందల ఏళ్ల నగరం చూశామని జనం ఫొటోలు తీసుకుని పోతారు. అంత నగరంలో పాతది ఒక్కటే ఒక్కటి — నడిబొడ్డున ఉన్న నుయ్యి. దానికీ ఎర్ర పెంకుల టోపీ పెట్టి, ఇనుప జల్లెడ మూత బిగించి, పైసలు విసిరితే కోరికలు తీరతాయని బోర్డు పెట్టారు.

ఇంత గొప్ప నగరానికి దెయ్యం లేకపోతే ఎలా? దెయ్యాన్ని తేవడానికి కిశోర్‌కుమార్ వచ్చాడు.

కిరాణి కాంతయ్యకి మనవడు కిశోర్‌కుమార్. పుట్టింది, పెరిగింది, ఉద్యోగం ఊడింది కౌలాలంపూర్లో. తాత ఏదో తోట ఆఫీసులో పెద్ద అధికారి అని వినడమే తప్ప ఏ తోటో ఎప్పుడూ అడగలేదు. తెలుగు అర్థమవుతుంది. మాట్లాడ్డం నామోషీ. రెండేళ్ల కిందట పదకొండు రోజుల ప్యాకేజీలో యూరప్‌లో నాలుగు పాత నగరాలు కాలినడకన తిరిగొచ్చాడు. అక్కడి రాళ్లమీద తన కాలు పడింది కాబట్టి ఇక్కడి రాళ్లకి మర్యాద నేర్పగలనని గట్టి నమ్మకం. రాత్రిపూట లాంతరు పట్టుకుని సందర్శకుల్ని నడిపిస్తూ దెయ్యం కథలు చెప్పే పని అక్కడ పెద్ద వ్యాపారమట. దాన్నే ఇక్కడ పెడతానని కంపెనీని ఒప్పించాడు. పై శనివారం కంపెనీ యజమానులు వచ్చి నడిచి చూస్తారు. నచ్చితే మూడేళ్ల ఒప్పందం. నచ్చకపోతే క్లాంగ్‌లో మావగారి టైర్ల షాపు.

"టైర్ల షాపులో మా నాన్న నిన్ను పేరు పెట్టి పిలవరు. 'ఇదిగో' అంటారు. ఆలోచించుకో" అని భార్య పునిత ముందే చెప్పింది.

అందుకని దానికి వారం ముందు శనివారం రాత్రి, నగరం మూసేశాక, దారి కొలుచుకోవడానికి ఒంటరిగా బయల్దేరాడు. చేతిలో లాంతరు. లాంతర్లో బ్యాటరీ.

వాన వెలిసింది. గులకరాళ్లు జారుతున్నాయి. నడుస్తూ, తిడుతూ పోయాడు — అసలు నగరాల్లో రాళ్లు ఇలా పేర్చరు... గోపురం మరీ పొట్టి... గడియారం ఆరింటి దగ్గర చచ్చింది. ప్రతి మూలా ఆగి, గొంతు బరువు చేసి, లేని జనానికి కథ చెప్పి చూసుకున్నాడు.

నూతి దగ్గర చెప్పాల్సిన కథ తన సొంతం. లేడీ ఇసబెల్లా. దొరగారి కొత్త పెళ్లికూతురు. ప్రేమలో మోసపోయి, తెల్ల గౌనుతో నూతిలో దూకింది.

తెల్లదొర పెళ్లాం లైను నూతి దగ్గరికి ఎందుకొస్తుంది? దొర బంగళాకి కుళాయి ఉండేది. ఆ నుయ్యి తవ్వింది మనవాళ్లు, ఆ నీళ్లు మోసి నడుములు విరిగింది మన ఆడవాళ్లకి. దెయ్యమయ్యే యోగ్యత మాత్రం ఇసబెల్లాకి.

వంతెన దాటాడు. కమాను కిందికి వచ్చాడు. అక్కణ్నుంచి నూతి దగ్గరికి నలభై అడుగులు.

"ఈ రాత్రికీ ఆమె..." అని మొదలుపెట్టాడు.

ధబ్.

నీళ్లలో ఏదో పడింది. లోతున.

కప్ప అయ్యుంటుంది... అనుకున్నాడు. అంత చప్పుడు చెయ్యాలంటే ఆ కప్ప పందంత ఉండాలి.

కిర్ర్... కిర్ర్... తాడు పైకొస్తున్న చప్పుడు.

లాంతరు ఆర్పేశాడు. ఎందుకార్పాడో తనకే తెలీదు. జల్లెడ మూత తెరిచి ఉంది. మధ్యాహ్నం తను లాగి చూసినప్పుడు దానికి తాళం ఉంది.

నూతి వెనక ఓ ఆడది నిలబడి ఉంది. తడిజుట్టు మోకాళ్లదాకా విరబోసుకుని... వంగి, లేచి, వంగి, లేచి. మబ్బు పక్కకి జరిగింది. మొహం కనిపించింది.

పచ్చటి మొహం. పసుపు ముద్దలా.

పొంతియానాక్ తెల్లగా ఉంటుందని చదివాడు. ఇసబెల్లా తెల్లగా ఉంటుందని తనే రాశాడు. పచ్చటిదాని గురించి ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడు చూశాడు — గట్టుకి ఇవతల పక్క, తనవైపు, నేలమీద ఓ చేట. చేటలో గుడ్డల మూట. ఆ మూట కదిలింది. సన్నగా... పిల్లిపిల్లలా కాదు, మనిషిపిల్లలా... ఏడ్చింది.

ఓ చిన్న పిడికిలి గుడ్డల్లోంచి పైకి లేచి, గాలిని పట్టుకోబోయి, ముడుచుకుంది.

ఆ ఆడది ఆ ఏడుపుకి తల కూడా తిప్పలేదు.

నాలుగు నగరాల రాళ్లమీద నడిచిన కాళ్లు ఇక్కడి రాళ్లమీద మూడుసార్లు పడ్డాయి. ఒక చెప్పు వంతెన దగ్గర, లాంతరు చర్చి మెట్లమీద. వెనకగేటు దగ్గర కాపలా గది తలుపు తోసుకుని పడ్డప్పుడు కిశోర్‌కుమార్ మోకాళ్లనించి నెత్తురు కారుతోంది.

కాపలావాడు రవిచంద్రన్‌కి అరవై దాటాయి. ఆ తోట లైన్లలోనే పుట్టినవాడు. ప్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

"ఏటయినాది సార్?"

"అంకుల్... నూతి దగ్గర... పేయ్... పచ్చ దెయ్యం..."

"పచ్చమొకం, తడిజుట్టూనా?"

"ఆ... ఆ."

రవిచంద్రన్ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"అది మా యోగేశ్వరి అప్ప కూతురు సార్. తివ్య అని. నిన్నటికి ఇరవై రోజులు నిండినాయి, సేదేసుకోడానికి వచ్చినారు. ఈ లైన్లోల మనవరాళ్లందరూ వస్తారు, ఈపోనుంచి కూడా వస్తారు. పగలు మీ కంపెనీ రానీదు. అందుకని రేత్రి నానే తాళం తీస్తాను." కప్పు కింద పెట్టాడు. "మీరూ తెలుగోలే గదా సార్. మీ ఇంట్లో సెయ్యరా?"

కిశోర్‌కుమార్ ఇంట్లో పునిత పురుడు నెలరోజులూ ఓ బాలింతల హోటల్లో గడిచింది. నీళ్లు సీసాల్లో వచ్చాయి. సీసాకి బొట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తన మనుషుల పసుపుని చూసి తనే దెయ్యమనుకున్నాడు. ఇంకొకడైతే ఆ మొహాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలీక తల దించుకునేవాడు. కిశోర్‌కుమార్ మోకాళ్లు తుడుచుకున్నాడు. అంత భయంలోంచీ టైర్ల షాపు తప్పించుకునే దారి తట్టింది — తననే ఇంత పరిగెత్తించిన దృశ్యం, టికెట్టు కొన్నవాళ్లని ఎంత పరిగెత్తిస్తుంది?

కాసేపటికి తల్లీ కూతుళ్లు గేటు దగ్గరికి వచ్చారు. యోగేశ్వరి చేతిలో చేద, తాడు. తివ్య చంకలో చేట, దానిమీద తువ్వాలు కప్పి ఉంది. ఒంటికాలి చెప్పుతో ఎదురెళ్లాడు కిశోర్‌కుమార్.

"ఆంటీ, మంచి చాన్స్ లాహ్. ప్రతి శనివారం రండి. ఇదే పసుపు, ఇదే జుట్టు. చేద వెయ్యండి, అంతే. నేను పక్కన కథ చెప్తా. ఇసబెల్లా అంటాను, మీకేంటి. అక్కకి తెల్ల గౌను నేనే ఇస్తా."

యోగేశ్వరి ముప్ఫై ఏళ్లు గ్లవుజుల ఫ్యాక్టరీలో సూపర్వైజర్లని ఏడిపించి రిటైరైన మనిషి. చేద కింద పెట్టింది.

"గౌనేసుకుని నూతికి బొట్టెట్టాలా?"

"బొట్టు వద్దు. బొట్టు తీసేద్దాం."

"ఎవరబ్బాయివి బాబూ నువ్వు?"

"దేవరాజన్ గారి కొడుకుని. మా తాత కాంతయ్య అని, ఏదో తోట ఆఫీసులో..."

యోగేశ్వరి అతని మొహంలోకి చూసింది. గొంతు పెంచలేదు.

"ఏదో తోట కాదు, ఇదే. కిరాణోరింటోడివి. మీ తాత తాళమేసి మూసినాడు, నువ్వు టికెట్టెట్టి తెరుస్తన్నావు. బాగానే ఎదిగినారు."

"పాత సంగతులెందుకు ఆంటీ..." అతనికి ఎక్కలేదు. ఎక్కే చోటు ఖాళీగా లేదు. శనివారం యజమానులు చప్పట్లు కొడుతున్నట్టు కళ్లముందు కనబడుతోంది. "ఒక్కటే షరతు. పాపని తేవాలి. అసలు అదే గొప్పగా ఉంది. మీరలా నీళ్లు తోడుతుంటే, ఇవతల చేటలో ఏడుస్తూ... చెయ్యెత్తి... నాకే గుండె ఆగింది."

"ఏ పాప?" అంది యోగేశ్వరి.

"మీ పాపే. చేటలో..."

తివ్యకి తెలుగు తక్కువ. తల్లివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"బేబీకి దగ్గు అన్నా. తీసుకురాలే. ఇంట్లో మా అమ్మమ్మ దగ్గర ఉంది."

చేటమీద తువ్వాలు తీసింది. పసుపు పొట్లం, కుంకం భరిణ, నాలుగు తమలపాకులు, ఆరిపోయిన వత్తి. అంతే.

"అది కాదు," అన్నాడు కిశోర్‌కుమార్. "నేలమీద పెట్టారే... ఇవతల..."

"నేలమీద ఏటీ ఎట్టలేదు," అంది యోగేశ్వరి. "అది సేదేసినంతసేపూ నాను ఎనక సీకట్లో సేట సంకనెట్టుకునే ఉన్నాను."

రవిచంద్రన్ చేతిలో తాళంచెవులు కదలడం మానేశాయి. యోగేశ్వరి కిశోర్‌కుమార్‌ని ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ నోరు తెలిసినవాళ్లకి అన్నిటికన్నా భయం వేసింది అందుకే. కూతురి భుజమ్మీద చెయ్యి వేసి, మెల్లిగా అంది —

"ఎనక్కి సూడకు. ఎల్దాం."

యజమానులు వచ్చిన శనివారం రాత్రి కమాను దాకా నడిపించాడట కిశోర్‌కుమార్. అక్కడ ఆగిపోయాడు. "ఈ రాత్రికీ ఆమె..." అన్నాడు, ఆ పైన మాట రాలేదు. నలభై అడుగుల దూరంలో నుయ్యి ఉంది, అక్కడికి ఒక్క అడుగు వెయ్యమంటే వెయ్యలేదు. యజమానులు గడియారాలు చూసుకుని, కారెక్కి పోయారు. ఇప్పుడు క్లాంగ్‌లో ఉన్నాడు. "ఇదిగో" అంటే పలుకుతున్నాడు.

పోయేముందు ఒకసారి పట్టపగలు కాపలా గదికి వచ్చాడు. వాళ్లు అబద్ధమాడారని, పిల్లని తెచ్చి దాచారని, తనని ఏడిపించడానికి అందరూ కలిసి చేశారని అరిచాడు. ఒప్పుకోమని రవిచంద్రన్‌ని బతిమాలాడు కూడా.

రవిచంద్రన్ బల్ల సొరుగు లాగి, గేటు పుస్తకం తీశాడు. దొంగతనంగా ఎవర్నీ పంపడు ఆయన. ఎంతమంది వస్తే అంతమందినీ రాస్తాడు, చంకలో పిల్ల ఉంటే దాన్నీ ఒక మనిషిగానే రాస్తాడు. పన్నెండేళ్లలో ఆ పుస్తకం తెరిచి చూసిన మేనేజరు లేడు కాబట్టి దాచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. కిశోర్‌కుమార్ పరిగెత్తుకొచ్చిన రాత్రి పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"వెనక గేటు. లోపలికి వచ్చినవారు: ఆడవాళ్లు ఇద్దరు. చంటిపిల్లలు: లేరు. రాత్రి 11.10. శనివారం, 23 నవంబర్ 2024."