నేల తాకని బ్రష్

"తాడు కనిపిస్తుంది! పుణ్యా, మీ నాయినదేనేమో చూడు!"

ఓంకార్ అరుపుకు ఆరో తరగతి మొత్తం వరండాలోకి ఉరికింది. వాడు అద్దం మీద రూపాయి బిళ్లంత చోటు అరచేత్తో తుడిచి, దానికి ఒక కన్ను ఆనించి చూస్తున్నాడు. మిగతా అందరూ "జరుగురా! మాకు చూడనియ్యి!" అంటూ వాడి మీద పడ్డారు.

నానక్‌రామ్‌గూడలో ఆ బడి చుట్టూ టవర్లే. దుమ్ము రాకుండా మేడ మీది వరండాకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా అద్దాలు బిగించారు. అవి తెరుచుకోవు. రాత్రి వాన బయటి వైపు కడిగేసింది కానీ, లోపలి వైపు దుమ్ము, చేతి ముద్రలు అట్టకట్టి ఉన్నాయి. కింది నుంచి చూద్దామంటే ప్రహరీ పొడవునా నీలం రేకులు అడ్డం.

ఎదురు టవర్‌కు అద్దాలు తుడవడానికి ఈ రోజు పుణ్యవతి వాళ్ల నాయిన సాయిలు దిగుతున్నాడు. తాడుకు వేలాడుతూ, పై అంతస్తు నుంచి కింది దాకా! ఆ మాట పొద్దున్నే పుణ్య బడి అంతా చాటేసింది.

"అందరికీ హెల్మెట్లే ఉంటయి. మీ నాయినే అని మాకెట్ల తెల్వాలె?" అని ఓంకార్ మెలిక పెట్టాడు.

"మనకు చెయ్యి ఊపుతడు. అప్పుడు తెలుస్తది నీకు!"

ఊరికే అనలేదు. పొద్దున ఇంట్లో నాయినను అడిగే వచ్చింది.

"ఊపుత బిడ్డా. గని అన్ని అద్దాలల్ల మీ తరగతిది ఏదో నాకెట్ల ఎర్కైతది?" అన్నాడు సాయిలు.

"మెరిసేదే మాది!" అంది పుణ్య.

నాయిన నవ్వి తన పాత బ్రష్, వైపర్ సంచిలో పెట్టి ఇచ్చాడు. స్వప్న మేడం కూడా సరేనంది. "లంచ్ బెల్ లోపు మన క్లాసు ముందున్న అద్దం మీరే తుడుచుకోండి. తోసుకోవద్దు" అని చెప్పింది.

ఇక పుణ్య కాలు నేల మీద నిలవలేదు. బ్రష్‌కున్న తాడును అచ్చం నాయినలాగే నడుముకు కట్టుకుంది. అంత ఎత్తున చెయ్యి జారితే బ్రష్ కింద నడిచేవాళ్ల నెత్తి మీద పడుతుందని సాయిలు అలా కట్టుకుంటాడు. అయితే ఆ తాడు సాయిలుకు చీలమండ దాకా వస్తుంది. పుణ్యకు నేల దాకా వచ్చింది. ఈ సంగతి మన హీరోయిన్‌కు తట్టనే లేదు!

బకెట్ కోసం ఆ చివరికి పోయింది. స్టూలు కోసం ఈ చివరికి వచ్చింది. పక్క తరగతుల వాళ్లకు తన నడుముకున్న తాడు చూపించడానికి ఇంకో చుట్టు తిరిగింది. డాబా మీద నీళ్ల ట్యాంకు కడుతున్నారు. ఇసుక బస్తాలు ఆ వరండాలోంచే మోశారు. ఎక్కడ అడుగు పెట్టినా కాలి కింద కరకరమంటోంది. పుణ్య ముందు నడుస్తుంటే, బ్రష్ తోకలా వెనక వస్తోంది.

స్టూలెక్కి, బ్రష్ నీళ్లలో ముంచి, రుద్దడం మొదలుపెట్టింది.

మొదట అద్దం తడిసి కాస్త వెలుగొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో మట్టి చారలు దిగాయి. పుణ్య బ్రష్‌ను మళ్లీ ముంచి రుద్దింది. చారలు ఇంకా లావయ్యాయి. ఇంకోసారి ముంచింది. బకెట్‌లో నీళ్లు టీ రంగుకు వచ్చాయి. కోతిపుండు బ్రహ్మరాక్షసి అయిందన్నట్టు, రుద్దేకొద్దీ అద్దం పాడవుతోంది.

"ముందే నయముండె! ఇప్పుడు ఏనుగొచ్చినా కనిపించదు" అన్నాడు ఓంకార్.

పుణ్యకు ఉక్రోషం వచ్చింది. రెండు చేతులతో అదిమి రుద్దింది.

కర్ర్ర్!

ఆ చప్పుడుకు అందరి పళ్లూ జివ్వుమన్నాయి. స్వప్న మేడం తరగతిలోంచి గబగబా వచ్చింది. "ఆగు పుణ్యా! అద్దం గీసుకుపోతోంది!"

నిజమే. అద్దం మీద సన్నగా మూడు గీతలు. పుణ్య బ్రష్‌ను వెనక్కి లాగేసుకుంది.

"పుణ్యా, కిందికి చూడవే" అంది రోహిణి. పుణ్య ప్రాణస్నేహితురాలు తను.

వరండా పొడవునా ఇసుకలో పాము పాకినట్టు ఒక చార. బకెట్ దగ్గరికి, స్టూలు దగ్గరికి, పక్క తరగతుల ముందుకి. పుణ్య ఎటు తిరిగితే అటు తిరిగి, చివరికి ఆమె కాళ్ల దగ్గరికే వచ్చి ఆగింది. పుణ్య బ్రష్ తిప్పి చూసింది. కుచ్చుల మధ్య ఇసుక రేణువులు తళతళమంటున్నాయి.

నాయిన బ్రష్ గాలిలో వేలాడుతుంది. తనది నేలంతా ఊడ్చింది!

"టైం లేదే! మీ నాయిన దిగుతనే ఉన్నడు! రుద్దు!" ఓంకార్ గంతులేస్తున్నాడు.

పుణ్య స్టూలు దిగి, నడుముకున్న ముడి విప్పేసింది. "కడుక్కొస్త. నువ్వు బకెట్ల కొత్త నీళ్లు పట్టుకరా!"

బ్రష్‌ను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని మెట్లన్నీ దూకుతూ పోయింది. కుళాయి కింద పెడితే మొదట మట్టి నీళ్లు కారాయి. తర్వాత కొంచెం తేరుకున్నాయి. పైనుంచి "వచ్చేసిండు!" అని కేకలు. ఇక చాల్లే అనుకుంటూ వేళ్లతో కుచ్చులు నొక్కి చూసింది. గరగరా తగిలింది. ఏడుపొచ్చినంత పనైంది. అయినా కదల్లేదు. కుచ్చులు విడదీసి మళ్లీ కడిగింది. వేలికి ఏమీ తగలనప్పుడే పైకి పరుగు తీసింది.

ఓంకార్ కొత్త నీళ్లతో సిద్ధంగా ఉన్నాడు. ఈసారి పుణ్య మెల్లగా, పైనుంచి కిందికి రుద్దింది. మట్టంతా జారిపోయింది. వైపర్ అందుకోవాలి. మరి బ్రష్ ఎక్కడ పెట్టాలి?

"ఓంకార్, పట్టుకో. కింద పెట్టకు, పైకే పట్టుకో!"

వాడు జెండా మోసినట్టు నిలబడ్డాడు. పుణ్య వైపర్ ఒక్క లాగు లాగింది.

అద్దంలో టవర్ ప్రత్యక్షమైంది! దాని మీద పసుపు హెల్మెట్‌తో ఒక మనిషి, సరిగ్గా వాళ్లకెదురుగా వేలాడుతున్నాడు. అతను బడి వైపు తిరిగి, ఒక్కో అద్దమే చూసుకుంటూ వచ్చాడు. వీళ్ల అద్దం దగ్గర ఆగిపోయాడు. చేతిలోని బ్రష్ ఎత్తి జోరుగా ఊపాడు.

"నాయినా!" పుణ్య అరుపుకు వరండా దద్దరిల్లింది. అందరూ ఒకటే కేకలు. ఓంకార్ అందరికంటే గట్టిగా అరుస్తూ రెండు చేతులూ ఊపాడు. టప్పున బ్రష్ నేల మీద పడింది.

అప్పుడే ఎవరో పుణ్య గౌను లాగారు. ఒకటో తరగతి బుజ్జి. పెద్దవాళ్ల మధ్య దానికి సందు దొరకలేదు. "అక్కా, నాకు కనిపిస్తలేదు. మా అద్దం గూడ తుడువవా?"

ఓంకార్ బ్రష్ తీసి అందించాడు. "గింతంతనే ఇసుక అంటింది. ఏం కాదు, తుడిచెయ్యి. జల్ది!"

పుణ్య అద్దంలోంచి నాయినను చూసింది. ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అద్దం మీది మూడు గీతలు చూసింది. బ్రష్‌ను నెత్తి మీదికి ఎత్తి మెట్ల వైపు ఉరికింది.

"అరె, మీ నాయిన దిగిపోతడే!"

"పోనీ! ఇప్పుడే వస్త!"

ఆమె తిరిగొచ్చి తుడిచేసరికి సాయిలు ఒక అంతస్తు కిందికి దిగిపోయాడు. బుజ్జి అద్దానికి ముక్కు ఆనించి, తన చిన్న చెయ్యి ఊపింది.

సాయిలు తల పైకెత్తాడు. ఇందాక మెరిసింది ఒక్క అద్దమే, ఇప్పుడు రెండు. రెండో దాని వైపు కూడా బ్రష్ ఎత్తి ఊపాడు.

"అక్కా, నాకే ఊపిండు!" బుజ్జి ఎగిరి గంతేసింది.

పుణ్య కూడా చెయ్యి ఊపింది, ఎడమ చెయ్యి. కుడిచేతిలోని బ్రష్‌ను మాత్రం నేలకు దూరంగా, పైకే పట్టుకుంది. దాని నుంచి నీళ్లు ఓంకార్ నెత్తి మీద బొట్టుబొట్టుగా కారుతున్నాయి. తేటగా ఉన్నాయి.