నీరు తీసే బిళ్ళ

ఆ ఉదయం హారతి ఇడ్లీ ముట్టలేదు. ఎండ ముదరకుండానే రెయిన్‌కోటు తొడుక్కుని, చెమట పట్టేలా గోదావరి గట్టు మీద పరుగెత్తి వచ్చింది.

"రెండు గుక్కలు కాఫీ అయినా తాగవే" అంది తల్లి మీనాకుమారి.

"వద్దమ్మా. సాయంత్రం తూకం. యాభై కిలోలు దాటితే సెలెక్షన్స్‌లోకి రానివ్వరు."

హారతి బాక్సర్. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు మర్నాడు రాజమండ్రిలోనే. బూట్లు విప్పుకోవడానికి వంగిన పిల్ల వంగినట్టే నేల మీద పడిపోయింది. పిక్కలు గట్టిగా పట్టేశాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి.

మీనాకుమారి గ్లాసుతో నీళ్ళు తెచ్చి కూతురి నోటికి అందించబోయింది. హార్డ్‌వేర్ షాపుకు బయల్దేరుతున్న భర్త జగన్నాథరావు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు! నీళ్ళు పట్టకు. ఇంకా ముప్పావు కిలో తగ్గాలి."

తను సరిగ్గానే విన్నానా అనిపించింది ఆమెకు.

"పిల్ల గిలగిల్లాడిపోతుంటే కిలోలేంటండీ?"

"ఏం కాదు. బిళ్ళ వేసుకుంటే అలాగే ఉంటుందని కోచ్ సుధాకర్ మాస్టారు ముందే చెప్పారు."

"ఏం బిళ్ళ?"

హారతే చెప్పింది, మాట కూడదీసుకుంటూ. "నాన్నమ్మ బిళ్ళే అమ్మా... ఒంట్లో నీరు తీసేది."

గదిలోంచి నాన్నమ్మ రత్నమాణిక్యం గోడ పట్టుకుని వచ్చింది. "ఒరేయ్ జగన్నాథం! నా గుండెజబ్బుకి రాసిన చీటీ చూపించి, నా మనవరాలికి మందు కొన్నావట్రా?"

"అందరూ వాడుతున్నారమ్మా! వాడనివాళ్ళే వెనకబడిపోతున్నారు. డోప్ టెస్టు సంగతి మాస్టారు చూసుకుంటానన్నారు."

"దొరక్కపోతే చాలా మీకు?" మీనాకుమారి గొంతు వీధిలోకి వినిపించింది. "దీని ఒళ్ళేమైనా మీ షాపులో ఇనప సామానా, తరుగు తీసి తూకం వెయ్యడానికి? తప్పుకోండి!"

భర్తను తోసేసి ఆమె నీళ్ళు పట్టింది. తాగినవి తాగినట్టే కక్కేసింది హారతి. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

"ఒంట్లో నీరూ, పొటాషియమూ దారుణంగా పడిపోయాయి. గుండె లయ తప్పుతోంది" అన్నాడు డాక్టరు. "ఇదే ఒంటితో రేపు రింగులో తలకి దెబ్బ తగిలితే, నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

వరండాలో జగన్నాథరావు ఫోను మోగింది. సుధాకర్ మాస్టారు.

అతను జరిగింది చెప్పాడు.

"సెలైన్ పెట్టేశారా? అయితే ఇంక తూకానికి పనికిరాదండీ. నేను వేరే అమ్మాయిని చూసుకుంటాను. బిళ్ళ విషయంలో మాత్రం నా పేరు ఎక్కడా రానివ్వకండి."

"మా అమ్మాయి ఎలా ఉందని ఒక్కమాటైనా అడిగారా మాస్టారూ?" అని అరిచాడు జగన్నాథరావు. అరిచాక గుర్తొచ్చింది. పొద్దున్న నేల మీద పడిపోయిన పిల్లను తనూ ఆ మాట అడగలేదు.

మధ్యాహ్నానికి హారతి తేరుకుంది. తండ్రి మంచం పక్కన నిలబడ్డాడు, కూర్చునే ధైర్యం లేక.

"ఒక్కటి అడుగుతాను నాన్నా. నేను గెలవలేననేగా ఆ బిళ్ళ ఇచ్చారు?"

అతను ముఖం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

"మాస్టారి దగ్గర ఇంకా చాలామంది అమ్మాయిలున్నారు" అంది హారతి. "నేను బాక్సింగ్ అసోసియేషన్‌కి వెళ్ళి అంతా చెప్పేస్తాను. నన్ను బ్యాన్ చేసినా సరే."

మీనాకుమారి భర్తవైపు చూసింది. వద్దంటాడనే అనుకుంది.

"నేనూ వస్తానమ్మా. చెప్పింది ఆయనైనా, కొని నీ చేతిలో పెట్టింది నేను. ఆ మాట నేనే చెప్తాను."

పొద్దుటినుంచీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు పొంగుకొచ్చింది మీనాకుమారికి. కళ్ళు తుడుచుకుని, కుర్చీ మంచం దగ్గరికి జరిపింది.

"కూర్చోండి" అంది.