తిప్పని పేజీ

1926 ఆగస్టు ఇరవై రెండు, ఆదివారం. ఆ పొద్దున చంద్రరావు చద్దన్నంలో గడ్డపెరుగు కలుపుకుని, వేయించిన ఎండురొయ్యల పొడి నంజుకుని తిన్నాడు. ముద్ద గొంతుకు అడ్డంపడింది గనుక ఆ తిండీ, ఆ తేదీ ఆయనకు కడదాకా జ్ఞాపకం ఉండిపోయాయి.

అడ్డంపడడానికి కారణం ఆయన తోడబుట్టిన అప్ప తాయారమ్మ. మంచినీళ్ల చెంబు పక్కన పెడుతూ, కూరల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది.

“కన్నారావు మన సూర్యావతిని సేసుకుంటానంటన్నాడు. గుంటకీ ఇష్టమే. శ్రావణం దాటకుండా తాంబూలాలు పుచ్చీసుకుంటే బాగుంటాది.”

“ఏ కన్నారావు?”

“ఎంతమంది ఉన్నారేటి? సిరియం కన్నారావే.”

నది అవతల సిరియంలో, కిరసనాయిలు కంపెనీ స్టోరులో కన్నారావుకు ఉద్యోగం. ఆదివారం సాయంత్రం లాంచి ఎక్కి నది ఇవతల పజుండౌంగు పేటలోని ఈ ఇంటికి వస్తాడు. తను చదివి చెప్పే నవల వినడానికి వస్తున్నాడనే చంద్రరావు ఇన్నాళ్లూ నమ్మాడు.

“అతనికి ముప్పై ఎనిమిదేళ్లు అప్పా. దీనికి ఇరవై.”

“నీ పుస్తకంలో దొర మరీ ముదురు కదా. దొరసాని మన గుంటకన్నా సిన్నది. పేమకి వొయసేటని నువ్వే కదా సెప్పినావు, కళ్లద్దాలు తుడుసుకుని మరీ.”

“అది నవల.”

“మాకేటి తెలుసు? నువ్వు సెప్పినావు, మేం ఇన్నాం.”

చంద్రరావుకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. అది విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు నవల. నెరిసిన గడ్డం దొరనూ, పడుచుపిల్లనూ కలపడానికి రాసిన కథ. ఆయన బి.ఏ. చదివినవాడు, బియ్యం మిల్లులో హెడ్ గుమాస్తా. ఆదివారాలు తోచక ఆ కథను ఇంటివాళ్లకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. తాయారమ్మ దాన్ని పురాణం చేసి కూర్చుంది. పుస్తకం ముందు దీపం, అధ్యాయం అయ్యాక బెల్లం, సెనగపప్పు. చెడ్డ ఘట్టం దగ్గర ఆపకూడదన్నది కూడా ఆమె నియమమే. దొరకు జ్వరం వచ్చిన వారం, అది తగ్గేదాకా చంద్రరావుకు అన్నం పెట్టలేదు.

బడిలో పాఠాలు చెప్పే కూతురు సూర్యావతి ఆయన ఎక్కిళ్లు విని బెల్లంముక్క తెచ్చింది.

“అత్త చెప్పింది నిజమేనా?”

“నిజమే నాన్నా.”

“అతనిలో ఏం చూశావు?”

సూర్యావతి కొంచెం ఆలోచించింది. “నేను మాట్లాడుతుంటే వింటారు. మధ్యలో అడ్డుపడి దిద్దరు.”

“ఈ మాట మళ్లీ ఈ ఇంట్లో వినపడకూడదు,” అన్నాడు చంద్రరావు. బెల్లం మాత్రం నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రానికి వాన పట్టింది. అయినా అందరూ వచ్చారు. ఆ వేళ చదవాల్సింది పెళ్లి అధ్యాయం. సీతాకల్యాణం చదివేనాడు తెచ్చినట్టే ఎదురింటి సూరమ్మ పసుపు అక్షింతలు కలిపి తెచ్చింది. తెలుగు అరకొరగా తెలిసిన పక్కింటి బర్మా ఆవిడ డా మ్యా, ఏడవడానికి సిద్ధంగా చేతిగుడ్డతో కూర్చుంది. కన్నారావు గొడుగు గోడకు ఆనించి, గుమ్మం దగ్గర ఒదిగాడు.

“దొరలకి తాళి ఉండదంట, ఉంగరమేనంట,” అంది సూరమ్మ. “గిన్నెలు తోముతుంటే ఊడిపోదేటి?”

“దొరసానులు గిన్నెలు తోముతారేటే,” అంది తాయారమ్మ. “ఒరే సెంద్రం, పెళ్లికొడుకు గడ్డానికి రంగేసినాడా లేదా?”

“కథ వింటారా? మూసెయ్యమంటారా?”

అందరూ సర్దుకున్నారు. చంద్రరావు పుస్తకం తెరిచాడు. ఎదురుగా కన్నారావు తల వంచుకుని ఉన్నాడు. ఆ తలలో పాపిట పక్కన తెల్లవెంట్రుకలు ఇవాళే కనబడ్డాయి.

“ఆ ఉదయం దొర అద్దంలో చూసుకున్నాడు,” అని మొదలుపెట్టాడు. “పసిపిల్ల బతుకు పాడుచేస్తున్నానని అతనికి తోచింది. పెళ్లి వద్దనుకుని ఓడెక్కి దూరదేశం వెళ్లిపోయాడు. ఆమె తన ఈడు కుర్రవాణ్ణి చేసుకుని సుఖపడింది. అయిపోయింది.”

డా మ్యా ఏడవడం మరిచిపోయింది.

“మరి నా అచ్చింతలు?” అంది సూరమ్మ.

కన్నారావు మెల్లగా లేచాడు. “దొర మంచిపనే సేసినాడండి బాబుగారూ. ఆలోసన ఉన్నోడు.” తాయారమ్మకు దండం పెట్టి వానలోకి దిగాడు. సూర్యావతి వైపు చూడలేదు. మిగతావాళ్లు కూడా ఇళ్లకు వెళ్లారు.

“నాన్నా,” అంది సూర్యావతి, “మీరు ఒక్క పేజీ కూడా తిప్పలేదు.”

చంద్రరావు కళ్లద్దాలు తీశాడు.

“ఇంగ్లీషు నేర్పింది మీరే. ఆ పుస్తకం నేను ఎప్పుడో చదివేశాను. దొర ఏ ఓడా ఎక్కలేదు.”

“అయితే ఏమిటి? నీ మంచికే చెప్పాను.”

“మీకూ అమ్మకూ ఎంత తేడా?”

“అప్పటి రోజులు వేరు.”

“పదారేళ్లు,” అంది తాయారమ్మ. “మీ అమ్మ బాబు మన గుమ్మంలో కూకుని ఏడిసినాడు. పెళ్లికొడుకు ముందు పోతే నా గుంట గతేటని.”

“ముందు పోయింది ఎవరు నాన్నా?”

రేకుల మీద వాన మోగుతోంది. చంద్రరావుకు భార్య లక్ష్మీనరసమ్మ చివరి జ్వరంలో అడిగిన మాట గుర్తొచ్చింది: రేపటినుంచి మీకు వేన్నీళ్లు ఎవరు పెడతారు? పదమూడేళ్లుగా అప్ప పెడుతూనే ఉంది. అయినా చెంబు ముంచిన ప్రతిసారీ ఆ ప్రశ్న ఆయనకు వినబడుతుంది.

“మిగిలిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. అది నీకు రాకూడదు.”

“ఇలా అవుతుందని ముందే తెలిస్తే, అమ్మను చేసుకోకుండా ఉండేవారా?”

లేదు అనబోయాడు. పైపంచతో కళ్లు తుడుచుకుంటుంటే గోడకు ఆనించిన గొడుగు కనిపించింది. నల్లగుడ్డ మీద ఎవరో సన్నగా వేసిన మాసిక. ఆ కుట్టు సూర్యావతిది.

ఆయన లేచి గొడుగు తీసుకున్నాడు.

వీధి చివర టీ దుకాణం చూరు కింద కన్నారావు తడిసి నిలబడి ఉన్నాడు. ఆఖరి లాంచి వెళ్లిపోయింది.

“గొడుగు మరిచిపోయారు,” అన్నాడు చంద్రరావు.

“మరిసిపోలేదండి. దానికోసం మళ్లీ గుమ్మమెక్కితే బాగోదని ఒదిలేసినాను.”

ఆ మాటతో చంద్రరావుకు సిగ్గేసింది. “మీ తరువాత మా అమ్మాయి గతి ఏమిటని నా భయం.”

“అమ్మాయి బడిలో పాటాలు సెప్పుకుంటాది బాబూ. పెళ్లయినా మానొద్దని ముందే సెప్పినాను. నాను లేకపోయినా ఒకరి ముందు సెయ్యి సాపకూడదు కదా.”

చంద్రరావు గొడుగు విప్పి సగం అతని మీదికి పట్టాడు. “రండి. ఆ దొర ఓడెక్కలేదు. ఎక్కించింది నేను.”

ఇంటి దగ్గర తాయారమ్మ కేక వేసిందో లేదో సూరమ్మ అక్షింతల పళ్లెంతో సహా తిరిగొచ్చింది, వెనకే డా మ్యా. చంద్రరావు ఈసారి పేజీలు తిప్పుతూ చదివాడు. ఉంగరం తొడిగిన చోట తాయారమ్మ అక్షింతలు పుస్తకం మీద చల్లింది. ఆమె చేయి ఎప్పుడూ గురి తప్పదు. అయినా సగం గింజలు సూర్యావతి జడలోనూ, కన్నారావు తడిజుట్టులోనూ పడ్డాయి. చంద్రరావు విసుక్కోలేదు. పళ్లెంలో మిగిలిన నాలుగు గింజలు తనే తీసి ఇద్దరి తలల మీదా వేశాడు. డా మ్యా ఇప్పుడు తృప్తిగా ఏడ్చింది.

లాంచి లేదు గనుక కన్నారావుకు ముందుగదిలో చాప వేశారు. అందరూ పడుకున్నాక చంద్రరావు దీపం తగ్గించడానికి వచ్చాడు. అతను గొడుగు పక్కనే ముడుచుకుని నిద్రపోతున్నాడు. వానజల్లు చాప అంచును తడుపుతోంది. చంద్రరావు వీధి తలుపు దగ్గరికి నడిచి, గడియ చప్పుడు కాకుండా వేళ్లతో ఆపి పట్టుకుని మూశాడు.