బదిలీ ఆపే ఉత్తరం

"ఎనిమిదేళ్ళలో నాలుగు బదిలీలా! అంత తప్పేం చేసేరండీ?"

పెళ్ళిచూపులకి వచ్చినవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న కాదది. సత్యశ్రీ అడిగేసింది. కొత్తపేటలో వాళ్ళింటి వెనక వసారాలో ఇద్దరినీ మాట్లాడుకోమని వదిలేశారు. బయట కొబ్బరాకుల మీద వాన.

మధుబాబు నవ్వాడు. "తప్పు చేస్తే బదిలీ కాదండీ, లోపలేస్తారు. మిలిటరీ కదా!"

మాటల మధ్యలోనే, జల్లు ఆమె మీద పడుతోందని తన కుర్చీ దానికి అడ్డంగా జరుపుకున్నాడు. ఆ సంగతి చెప్పనూ లేదు. సత్యశ్రీ గమనించింది.

నిజానికి ఆ ప్రశ్న ఆమె నాన్నది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు అమలాపురంలో గుమాస్తాగా ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని రిటైరయ్యారు. ఆయన దృష్టిలో బదిలీ అయ్యాడంటే వాడు దొంగైనా అయ్యుండాలి, పలుకుబడి లేనివాడైనా అయ్యుండాలి.

ఇంతలో ఆయనే కవరు పట్టుకుని వచ్చారు.

"బాబూ, సంబంధం నచ్చిందండీ. ఒక్కటే బెంగ. తల్లి లేని పిల్ల, రెండేళ్ళకో ఊరంటే ఎలాగ? తెలిసిన నాయకుడి చేత మీ కల్నల్ గారికి సిఫార్సు రాయించేను. ఇది ఇచ్చేరంటే మిమ్మల్నింక కదపరు. ముహూర్తం పెట్టుకుందాం."

ఇవ్వకపోతే? సత్యశ్రీ మధుబాబు వైపు చూసింది.

"ఇవ్వలేనండీ, మావయ్యగారూ." తొందరపడి వచ్చేసిన ఆ పిలుపుకి మధుబాబు నాలిక కరుచుకున్నాడు. "పోయినేడాది మంచుకొండల మీద డ్యూటీ పడింది. అప్పటిదాకా అక్కడున్న ఒడిశా అతను నా కోసం టీ కాచి ఉంచేడు. ఏడు నెలల కూతుర్ని ఫొటోలోనే చూసుకున్నాడండీ. నా దగ్గర ఇలాంటి ఉత్తరం ఉండుంటే, అతను దిగేవాడే కాదు."

"అందుకే తిప్పుతారా?" సత్యశ్రీ అడిగింది.

"కష్టం ఎప్పుడూ ఒకడి వంతే కాకూడదు కదండీ. ఎడారిలో చేసినవాడికి కొండ కూడా తెలియాలి. ఇప్పుడు జబల్పూరు ఇచ్చేరు, క్వార్టరుంది. తర్వాత మళ్ళీ ఎక్కడో."

పెద్దాయన మొహం మాడ్చుకున్నారు. "బాగానే ఉంది! మధ్యలో మా పిల్లేం చేసిందండీ?"

"నాన్నగారూ," అంది సత్యశ్రీ నెమ్మదిగా. "హాస్పిటల్లో నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. నా తర్వాతి నర్సు, రిలీవర్, రాకపోతే పేషెంట్లని వదిలి రాలేను. అమ్మ పోయిన రోజు మా తోటి నర్సు మరియమ్మ పన్నెండింటికే వచ్చి నన్ను పంపేసింది. తనకి సెలవండీ ఆ రోజు. అందుకే చివరి గంట అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోగలిగేను."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కవరు మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళారు.

కాసేపటికి ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. మధుబాబు తల్లిని అడుగుతున్నారు: "వదినగారూ, జబల్పూరుకి రైలు ఎక్కడ మారాలండీ?"

మధుబాబు మొహం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు తగ్గింది.

"ఒక మాటండీ. నన్ను మళ్ళీ మంచులోకి పంపితే అక్కడికి మిమ్మల్ని రానివ్వరు. ఏడాదో, రెండేళ్ళో మీరొక్కరే ఉండాలి. అన్నీ తెలిసే... వస్తారా?"

వాన తగ్గి, చూరు నుంచి ఒక్కో చుక్కా పడుతోంది.

"ఆయ్, వస్తానండీ," అంది సత్యశ్రీ.